ఆంజనేయులు లేచి నిలబడలేదు

అన్నగారు బయటికి వచ్చారు. వరండాలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆంజనేయులు లేవలేదు.

నరసరావుపేటలో అందరూ అన్నగారనే ఆ నాయకుడి ఇంటి వరండాలో అలాంటిది ఎన్నడూ జరగలేదు. అక్కడ లేవడానికి అన్నగారు కనబడనక్కర్లేదు. గన్‌మ్యాన్ ఆయన చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెడితే చాలు, కుర్చీల్లో కదలిక మొదలవుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే ఒక చెయ్యి కుర్చీకి ఆనించుకుని సిద్ధంగా ఉంటారు. తలుపు కిర్రుమనేసరికి అందరూ నిలువునా లేచి, కండువాలు సర్దుకుని, ముఖాలకు నవ్వులు పులుముకుంటారు. ఈ విద్యలో ఆంజనేయుల్నీ కోటేశ్వరరావునీ మించినవాళ్ళు లేరు. రొంపిచెర్ల దగ్గరి పల్లె నుంచి ఇద్దరూ ఒకే మోటార్‌సైకిల్ మీద పొద్దున్నే వచ్చి, గుమ్మం పక్కనున్న మొదటి రెండు కుర్చీల మీద కండువాలు వేసేస్తారు. ఇద్దరూ రైతులే. ఇద్దరి చేలల్లోనూ మిరపకాయ కోతలు జోరుగా సాగుతున్నాయి. ఆ కోతల దగ్గర ఉండేది మాత్రం వాళ్ళ పెళ్ళాలు.

అన్నగారి చూపు ఆ కుర్చీ మీద పడింది. నుదురు ముడిపడింది. కోటేశ్వరరావు సిగ్గుతో చచ్చిపోయాడు. పోయి పోయి ఈ వారంలోనే ఇలా జరగాలా! మార్కెట్ యార్డు చైర్మన్ ఎవరో ఈ వారమే తేలబోతోంది. అది నీకేనని అన్నగారు అతని చెవిలో చెప్పారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, అందులోనూ ఆంజనేయులికి అసలే చెప్పొద్దన్నారు. కోటేశ్వరరావు చెప్పలేదు. ఒకే బండి మీద వస్తూ పోతూ, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఒకే పొట్లంలో పకోడీలు తింటూ కూడా చెప్పలేదు.

"బావా, లే. అన్న!" అని భుజం పట్టి కుదిపాడు.

ఆంజనేయులు అతని వైపు ఒరిగాడు. తల వచ్చి కోటేశ్వరరావు నడుముకు ఆనింది. అలాగే ఉండిపోయింది. చేతిలోని కాగితం కప్పు జారి, తాగకుండా ఉంచుకున్న టీ ఇద్దరి తెల్ల పంచెల మీదా పడింది.

ఇందాకేగా మాట్లాడాడు! "బావా, ఎందుకో ఊపిరాడతల్లా. ఇంటికి పోదామా?" అన్నాడు. కోటేశ్వరరావు అతని వైపు తిరిగి చూడనైనా లేదు. గుమ్మం మీదే కన్నేసి, "ఆగు బావా, చెప్పులు పెట్టారు" అన్నాడు. ఆంజనేయులు ఆగాడు.

అన్నగారు రెండడుగులు వెనక్కి వేశారు. "ఏమైందయ్యా? ఆస్పత్రికి తీసుకుపోండి, తొందరగా! ఆనంద్ బాబూ, నువ్వు చూసుకో" అన్నారు. మాచర్లలో ఏదో కార్యక్రమం ఉందట, ఆలస్యమవుతోందట. కార్లు ఒకదాని వెనక ఒకటి గేటు దాటి వెళ్ళిపోయాయి. ఆనంద్ బాబు అన్నగారి పీఏ. రెండు ఫోన్లు రెండు చేతుల్లో పట్టుకుని, ఏ చేత్తో మనిషిని పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిరిగాడు.

ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు. ప్రాణం పోయి కాసేపయిందన్నాడు. కోటేశ్వరరావుకు అది అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. కాసేపయిందంటే, తను పక్కన కూర్చుని తలుపు వంక చూస్తున్నప్పుడే. చెప్పులు పెట్టాక కూడా అన్నగారు ఎంతకీ రాకపోతే, తను కాలు మీద కాలు వేసుకుని వెనక వరసవాళ్ళతో పత్తి రేటు మాట్లాడుతున్నప్పుడే.

శవాన్ని అంబులెన్సులో ఊరికి పంపించి, మోటార్‌సైకిల్ కోసం అతను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాడు. వరండాలో నీళ్ళు కొట్టి కడిగారు. ఆంజనేయులి కుర్చీలో పున్నారావు కూర్చుని ఉన్నాడు. కారంపూడి వైపు మనిషి, ఎప్పుడూ మూడో వరసలో ఉండేవాడు. కోటేశ్వరరావును చూసి సగం లేచాడు.

"ఖాళీగా ఉంటే కూర్చున్నా మావా. ఏవన్నా అనుకుంటావా?"

కోటేశ్వరరావుకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ కుర్చీ వంక చూస్తూ నిలబడ్డాడు. కుర్చీ ఇంకా తడిగానే ఉంది. ఆ తడి మీదే పున్నారావు కూర్చున్నాడు.

*

మర్నాడు ఆంజనేయులి ఇంటికి ఐస్ పెట్టె కంటే ముందు ఫ్లెక్సీ వచ్చింది. అందులో అన్నగారు నిలువెత్తున రెండు చేతులూ జోడించి ఉన్నారు. ఆంజనేయులు కింద మూలన తమలపాకంత ఉన్నాడు. ఇంటి ముందు షామియానా వేశారు. పెట్టె మీద పార్టీ జెండా కప్పారు. కొడుకు ప్రవీణ్ హైదరాబాదు నుంచి తెల్లవారేసరికి దిగాడు. కావలసినవాళ్ళంతా వచ్చేశారు కాబట్టి మధ్యాహ్నానికల్లా తీసేద్దామని పెద్దలు అనుకున్నారు. పాడె కట్టడం అయిపోయింది. డప్పులవాళ్ళు డప్పులు వెచ్చబెట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు ఆనంద్ బాబు ఫోన్ చేశాడు.

"కోటేశ్వర్రావుగారూ, అన్న వస్తన్నారు. ఆయన రాకుండా తీయనీయొద్దు. మన మనిషి గదా, అన్న దండ వెయ్యకుండా ఎట్టా తీస్తారు?" తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకోమాట. యార్డు సంగతి అన్న అక్కడే చెప్తారు, శవం ముందరే. టీవీవాళ్ళు గూడా వస్తన్నారు. పేరు నీదే. నువ్వు చెయ్యాల్సిందల్లా జనాన్ని ఆపటం."

కోటేశ్వరరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గుండె దడదడలాడింది. అది సంతోషమేనని తెలిసి తన మీద తనకే రోత పుట్టింది. అయినా సంతోషం సంతోషమే కదా, వద్దంటే పోదు. షామియానా కిందికి వెళ్ళి, "అన్న వస్తన్నాడు. కాసేపు ఆగుదాం" అని అందరికీ చెప్పాడు.

ఆగారు. ఆగడం ఆ ఊళ్ళో కొత్తేం కాదు. కరెంటు కోసం, కాలవ నీళ్ళ కోసం, యార్డులో కాటా కోసం ఆగినవాళ్ళే అందరూ. మధ్యాహ్నం దాటింది. మాచర్లలో పెళ్ళి చూసుకుని బయల్దేరారన్నారు. ఆ తర్వాత పిడుగురాళ్లలో ఎవరో షాపు ఓపెనింగుకు దింపుకున్నారన్నారు. కోటేశ్వరరావు ఫోన్ చేసినప్పుడల్లా ఆనంద్ బాబు "ఇదిగో, దారిలోనే" అన్నాడు. కోటేశ్వరరావు వచ్చి "ఇదిగో, దారిలోనే" అని షామియానా కింద చెప్పాడు. మొదట్లో వినయంగా తలూపినవాళ్ళు, పోనుపోను అతని ముఖం చూడటం మానేశారు. ఆడవాళ్ళు ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఊరుకున్నారు. కొందరు కూలీలు చేలో పని ఆగిపోతుందని వెళ్ళిపోయారు.

ఇంతలో కరెంటు పోయింది. ఐస్ పెట్టె తెచ్చిన జమాల్ పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు. మళ్ళీ కాసేపటికి చూశాడు. ఎండ ఫాల్గుణంలోనే చైత్రంలా కాస్తోంది. జమాల్ కోటేశ్వరరావును పక్కకు పిలిచాడు.

"బాబాయ్, చల్లదనం దిగిపోతంది. ఇంక ఆపితే బాగోదు. వాళ్ళ కళ్ళ ముందర ఆయన అట్టా కాగూడదు."

"జనరేటర్ తెప్పిద్దాం రా."

"జనరేటరా?" జమాల్ అతని ముఖంలోకి చూశాడు. "నే చెప్పేది నీకర్థం కాలేదా బాబాయ్?"

అర్థమైంది. అయినా కోటేశ్వరరావు జనరేటర్ కోసం ఎవరెవరికో ఫోన్లు చేస్తూ షామియానా గుంజ పక్కన నిలబడ్డాడు. ఊరి పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి, "పొద్దుగూకేలోపు మంట పెట్టాల్రా. తర్వాత మీ అన్నొచ్చి ఏం చేస్తాడు, సూర్యుణ్ణి ఆపుతాడా?" అని కసిరి వెళ్ళాడు. ప్రవీణ్ మాత్రం పెట్టె పక్కన గొంతుక్కూర్చుని ఎవరు ఏం చెబితే అది వింటున్నాడు. కోటేశ్వరరావు మామయ్య ఆగమన్నాడు కాబట్టి ఆగాడు.

చివరికి తిరుపతమ్మ లేచింది. పొద్దుట్నుంచి భర్త తల దగ్గర్నుంచి కదలని మనిషి, గోడ పట్టుకుని లేచి, తూలుతూ గుంజ దగ్గరికి వచ్చింది. చేతుల మీద ఇంకా మిరపకాయల ఎరుపుంది. నిన్న కబురు వచ్చినప్పుడు ఆమె కళ్ళంలో కాయలు ఎండబోస్తోంది.

"ఎవురి కోసం అన్నాయ్, ఇదంతా?"

"అన్న వస్తన్నాడు చెల్లెమ్మా. ఆయనొచ్చి దండేస్తే బావకి గౌరవం గదా."

"మీ బావకి గౌరవం ఇప్పుడు దేనికి?" అందామె. గొంతులో కోపం లేదు, వట్టి అలసట ఉంది. "ఒక సంగతి చెప్తా. నీకు చెప్పొద్దన్నాడు, ఇంక ఏముందిలే. ఈసారి యార్డు చైర్మను ఆయనకేనంట. మీ అన్న చెవిలో చెప్పాడంట. కోటేశ్వర్రావు మనసు కష్టపెట్టుకుంటాడు, దాచమన్నాడంట. బావకి చెప్పకుండా దాస్తన్నానే, తప్పు చేస్తన్నట్టుందే అని రోజూ నలిగిపొయ్యేవాడు. నువ్వు బండెనకాల కూర్చుంటే నీ ముఖం చూళ్ళేక అద్దం పక్కకి తిప్పుకునేవాడంట."

చెవిలో చెప్పారు. కోటేశ్వరరావు చెవిలోనూ అలాగే చెప్పారు, భుజం మీద చెయ్యి వేసి, సెంటు వాసన తగిలేంత దగ్గరగా. ఒకే మాట రెండు చెవుల్లో వేసి, ఒకరికి తెలియకుండా ఒకర్ని పక్కపక్కనే కూర్చోబెట్టారు. ఇంకా ఎన్ని చెవులున్నాయో ఆ వరండాలో! పున్నారావు ఊరికే వచ్చి తడి కుర్చీలో కూర్చున్నాడా?

"పొయ్యేముందు ఏవన్నా అన్నాడా అన్నాయ్?" తిరుపతమ్మ అడిగింది. "నువ్వు పక్కనే ఉన్నావుగా. నాకు చెప్పమని గానీ, పిల్లోడి సంగతి గానీ..."

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. నిన్ను తలుచుకున్నాడమ్మా అంటే ఆమె బతికినన్నాళ్ళూ దాన్ని పట్టుకుని బతుకుతుంది. కోటేశ్వరరావుకు ఆ మాట నాలిక మీదికి వచ్చింది కూడా. కానీ ఆమె కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి.

"ఇంటికి పోదామన్నాడు" అన్నాడు.

"మరి?"

"ఆగమన్నా."

షామియానా కింద అందరూ విన్నారు. కుసుమ, అతని భార్య, ఆడవాళ్ళ మధ్య నుంచి సగం లేచి మళ్ళీ కూర్చుండిపోయింది. తిరుపతమ్మ తిట్టలేదు, గుండెలు బాదుకోలేదు. అతన్ని చాలాసేపు చూసింది.

"ఇప్పుడూ ఆగమనే అంటన్నావు" అంది. అని, వెనక్కి వెళ్ళి భర్త తల దగ్గర కూర్చుంది.

కోటేశ్వరరావు జేబులో ఫోన్ మోగింది. అతను దాన్ని బయటికి తియ్యలేదు. మోగుతుండగానే పెట్టె దగ్గరికి నడిచాడు. పార్టీ జెండాను రెండు చేతులా ఎత్తి, మడతపెట్టి, పక్కనున్న కుర్చీలో పెట్టాడు. మడత వంకరగా వచ్చింది.

"ప్రవీణ్, లెగువు నాయనా. నీళ్ళు తెప్పించు. మీ నాన్నకి తానం చేయిద్దాం."

"మరి ఆయన వస్తన్నాడన్నావుగా మామయ్యా?"

"వస్తే వస్తాడు."

*

పాడె ముందు కొమ్ము కోటేశ్వరరావు పట్టుకున్నాడు. డప్పుల వెనక ప్రవీణ్ నిప్పుకుండతో నడిచాడు. పొద్దు వాలుతోంది. ఊరు దాటి పొలాల మధ్య సన్నటి రోడ్డు మీదికి రాగానే పాడెను కిందికి దించారు. దింపుడు కళ్ళం. చనిపోయినవాళ్ళను అక్కడ చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతారేమోనని. పలికినవాళ్ళను ఎవరూ చూడలేదు, అయినా పిలవడం మానలేదు. ప్రవీణ్ వంగి "నాన్నా" అని పిలిచాడు. ఆ పిలుపు విని డప్పులవాళ్ళు కూడా తలలు దించుకున్నారు.

కోటేశ్వరరావు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆంజనేయులి చెవి దగ్గర నోరు పెట్టి, "బావా, ఇంటికి పోదాం లే" అన్నాడు. మూడుసార్లూ అదే అన్నాడు. నిన్నట్నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. రోడ్డు మీద, దుమ్ములో, ఇస్త్రీ పంచెతో కూలబడి అతను భోరున ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే ఎదురుగా హారన్లు వినిపించాయి. అన్నగారి కార్లు. రోడ్డు నిండా పాడె, మనుషులు. కార్లు ఆగక తప్పలేదు. అన్నగారు దిగారు. ఆనంద్ బాబు దండ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరు కెమెరాలవాళ్ళు చేలోకి దిగి, ముఖాలు కనబడేలా జరగమని జనానికి చేతులతో సైగలు చేశారు.

"ఏందయ్యా కోటేశ్వర్రావ్, వస్తన్నానని చెప్పించా గదా. ఆగలేకపొయ్యారా?" అన్నారు అన్నగారు.

కోటేశ్వరరావు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అన్నగారి ముందు అతను కూర్చుని మాట్లాడటం అదే మొదటిసారి. లేవాలన్న సంగతి అతనికి తట్టనే లేదు.

"ఆగాడన్నా" అన్నాడు. "పోయిందాకా ఆగాడు."

అన్నగారికి ఆ మాట ఎలా తీసుకోవాలో తెలియలేదు. దండ వేసి, కెమెరా వైపు తిరిగి కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఆ తర్వాత పాడె కొమ్ము మీద చెయ్యి వెయ్యబోయారు, రెండడుగులు మోసినట్టు బొమ్మ రావాలి కదా. కోటేశ్వరరావు అప్పటికే లేచి కొమ్మును భుజానికెత్తుకున్నాడు. మిగతా ముగ్గురూ ఎత్తారు. అన్నగారి చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఆయన నడుస్తున్న కోటేశ్వరరావు పక్కకు వచ్చి, చెవికి దగ్గరగా వంగారు.

"రేపు పొద్దున్నే ఇంటికి రా. యార్డు కాగితం రెడీ చేయిస్తా."

"రేపు రాలేనన్నా."

"ఏం పనుంది?"

కోటేశ్వరరావు ఆలోచించాడు. నిజంగానే అతనికి ఏ పనీ లేదు. పొద్దు చేల చివర్న ఎర్రగా కుంగుతోంది.

"దారివ్వమనన్నా. పొద్దుగూకుతంది" అన్నాడు.

కార్లు ఒక్కొక్కటే వెనక్కి నడిచి, పక్క డొంకలోకి దిగి నిలబడ్డాయి. ఆంజనేయులు వాటిని దాటుకుని వెళ్ళిపోయాడు.

*

తెల్లవారాక కుసుమ స్నానానికి నీళ్ళు తోడింది. ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు మంచం మీద పెట్టింది. కళ్ళంలోకి వెళ్ళి, ఎండిన కాయల్లో తాలు ఏరుతూ కూర్చుంది. ఎర్రటి కాయల్లోంచి తెల్లగా పాలిపోయినవాటిని తీసి పక్కన పారేస్తోంది. ఎండ ఎక్కాక తల ఎత్తి చూస్తే, మొగుడు గళ్ళ లుంగీతో కళ్ళం గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

ఆమె బెదిరిపోయింది. చేతిలో కాయలు వదిలేసి పరుగున వచ్చింది. చెయ్యి కారమని గుర్తొచ్చి, మణికట్టుతో అతని నుదురు తాకి చూసింది.

"ఏందయ్యా, జొరవా? గుండెల్లో ఏవన్నా నొప్పిగా ఉందా?"

"ఏం లేదు."

"మరి పోలేదే? అన్న రావొద్దన్నాడా?"

"రమ్మనే అన్నాడు."

ఆమెకేమీ అర్థం కాలేదు. "ఆనంద్ బాబు నా ఫోనుకి చేశాడు, నువ్వెత్తట్లేదంట. మధ్యాన్నంలోపు వస్తే కాగితం నీ చేతికిస్తారంట, రాకపోతే పున్నారావుకిస్తారంట. పున్నారావు అప్పుడే వచ్చి కూర్చున్నాడంట" అంది.

"ఇవ్వనీ."

కుసుమ అక్కడే చతికిలబడింది. ఈ ఒక్క కాగితం కోసం ఈ మనిషి ఎన్ని పొద్దులు గడప దాటి వెళ్ళాడో ఆమెకు తెలుసు. పిల్లకు జ్వరమొచ్చినా వెళ్ళాడు. కన్నతల్లి చనిపోయిన నెలలోనూ వెళ్ళాడు. ఇప్పుడది చేతికొస్తుంటే ఇవ్వనీ అంటున్నాడు. ఆమెకు సంతోషం కలగలేదు, భయమేసింది. నిన్న శ్మశానంలో గాలి సోకిందేమోననుకుంది.

కోటేశ్వరరావు కాయల దగ్గరికి జరిగి కూర్చున్నాడు. ఒక కాయ తీసి తాలులోకి వేశాడు.

"అది తాలు కాదు. మంచికాయే" అంది కుసుమ.

అతను దాన్ని తీసి మళ్ళీ ఎర్రకాయల్లో వేశాడు. ఇంకోటి తీసి ఆమెకు చూపించాడు. ఆమె తలూపింది. ఇంకోటి చూపించాడు. అలా కాసేపు ప్రతి కాయా అడిగి వేశాడు. ఘాటుకు తుమ్ములొచ్చాయి, కళ్ళు మండాయి. పొలానికి వెళ్తున్న కూలీల్లో ఒకామె ఆగి, "ఎవురక్కా కొత్త మనిషి?" అని ఎగతాళి చేసింది. కుసుమకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంట్లో ఎక్కడో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మధ్యాహ్నం కూడా దాటింది. కోటేశ్వరరావు తల ఎత్తలేదు. కుసుమ మాత్రం ఇంటి వైపు చూసింది, తర్వాత అతని వైపు చూసింది.

"రేపు గూడా ఇంట్లోనే ఉంటావా?" అని అడిగింది, చాలా మెల్లగా.

"రేపటి సంగతి నాకేం తెలుసే" అన్నాడతను. "ఇయ్యాలైతే ఉన్నా."

కుసుమ తన ముందున్న కాయల్లో సగం అతని వైపు నెట్టింది.